లాల్చీ కొనేముందు ఒకసారి తిరగేసి చూడండి

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

శ్రావణంలో అన్నయ్య పెళ్లి, ఆ వెనుకే దసరా, దీపావళి. ఎంబ్రాయిడరీ కుట్టుపని ఉన్న లాల్చీలు, షేర్వానీలు ఎలా ఎంచుకోవాలో చెప్పమని మొన్న అందరూ ఒకేసారి ఫోనులో అడిగారు. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కత్తెర, టేపు పట్టుకుని బతికినవాణ్ణి. మీరు ఎంత డబ్బు పెడతారన్నదానికంటే ఏం చూసి పెడతారన్నదే నాకు పట్టింపు.

దుకాణంలో లాల్చీ చేతికివ్వగానే మీరు అద్దం ముందుకు పరుగెత్తుతారు. ఆగండి. ముందు దాన్ని తిరగేయండి. అస్తరు వేసి ఉంటే పక్క చీలిక దగ్గరో, కింది అంచు దగ్గరో కాస్త ఎత్తి చూపమని అడగండి. పూల వెనుక తెల్లటి సన్నదారం ఒత్తుగా పరుచుకుని, దానికి కాగితంలాంటి గుడ్డ అతికించి ఉంటే అది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. అందులో పూలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటాయి. చేత్తో కుట్టినదానికి వెనుక ముడులుంటాయి, ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకు దాటిన పోగులుంటాయి, ఒక ఆకు తన పక్క ఆకుకంటే రవ్వంత వంగి ఉంటుంది. యంత్రపు పనిని నేను తీసిపారేయను. నాలుగుసార్లు వేసుకుని ఉతుక్కునే లాల్చీకి అది చాలు. చేతిపని ధర చెప్పి యంత్రపు పని అంటగడితేనే అన్యాయం. మీ డబ్బు పోతుంది, సూది పట్టుకున్నవాళ్లకు రావాల్సిన బేరమూ పోతుంది.

ఆడవాళ్ల జాకెట్ల మీద మగ్గం పని మీరు చూసే ఉంటారు. మగవాళ్ల షేర్వానీ మీద జరీ తీగలతో చేసే జర్దోజీ పని కూడా అదే తీరు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను డప్పు తోలులా బిగించి కడతారు. పలచని కాగితం మీద నమూనా గీసి, గీతల వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని పైన రుద్దితే రంధ్రాల గుండా దిగి చుక్కల గీతలు పడతాయి. ఆ తరువాత కొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న ఆరీ సూది రంగంలోకి దిగుతుంది. కుడిచెయ్యి పైనుంచి సూదిని గుచ్చుతుంటే, ఎడమచెయ్యి గుడ్డ కింద ఉండి దారాన్ని ఆ కొక్కేనికి అందిస్తుంది. కింది చేతిని పనివాడు చూడలేడు, వేళ్లకు తెలిసిన లెక్కతోనే అందించాలి.

జర్దోజీలో దీనికి తోడు దబ్కా అని ఒకటి ఉంది. సన్నని లోహపు తీగను స్ప్రింగులా మెలిపెట్టి, చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కనూ సూదికెక్కించి కుడతారు. ఈసారి జర్దోజీ కాలర్ చేతికి దొరికితే ఒక్క ఆకు మీద వేలు పెట్టి, అందులో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టండి. బేరం ఎంతవరకు ఆడవచ్చో అప్పుడు మీకే తెలుస్తుంది. అదే వేలితో అటూ ఇటూ నిమిరి చూడండి. తీగ కొనలు గుచ్చుకోకూడదు, ముక్కల మధ్య గుడ్డ కనిపించకూడదు. జరీ ఏమిటో కూడా అడగండి. అసలు జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత. అది చాలా ఖరీదు. రాగి తీగ మీద పూత పూసినది చెమట తగిలితే నల్లబడుతుంది, ప్లాస్టిక్ పొరతో చేసినది ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది. ఏది కొంటున్నారో తెలిసి కొంటే ఏదైనా పరవాలేదు.

నా మనసు మాత్రం లక్నోలో చేసే చికన్ అనే చేతి కుట్టుపని మీదే ఉంటుంది. మెరుపు లేదు, తళుకు లేదు. తెల్లగుడ్డ మీద తెల్లదారం. లక్నో చికన్‌కారీకి 2008లో, లక్నో జర్దోజీకి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చికన్ లాల్చీ పుట్టే వరుస విన్నారంటే ఆశ్చర్యపోతారు. పాత పద్ధతిలో దర్జీ ముందే గుడ్డను లాల్చీ కొలతలకు కత్తిరిస్తాడు. ఆ ముక్కల మీద చెక్క అచ్చులతో, ఉతికితే పోయే నీలిరంగుతో పూలు అద్దుతారు. అవి లక్నో చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల చేతికి వెళ్తాయి. కుట్టు పూర్తయ్యాక ఉతికి, నీలం పోగొట్టి, గంజి పెడతారు. అందుకే మంచి చికన్ లాల్చీలో లత మెడ వంపును అనుసరిస్తూ వస్తుంది, చంక దగ్గర, పక్క కుట్టు దగ్గర పువ్వు సగానికి తెగిపోదు. తానుల లెక్కన యంత్రం మీద కుట్టి తరువాత కత్తిరించిన గుడ్డలో పువ్వులు కుట్టులోకి దూరిపోతాయి. ఎక్కడైనా కాస్త నీలం జాడ కనిపిస్తే మరక అనుకుని వదిలేయకండి, అది అచ్చు రంగు, ఉతికితే పోతుంది.

చికన్‌లో ఒక్కో కుట్టుకు ఒక్కో పేరు. బియ్యపు గింజంత పొడవుగా లేచి ఉండేది ముర్రీ. గుండ్రని చిన్న ముడి ఫందా. గుడ్డ వెనుక కుట్టి, ముందువైపు నీడలా కనిపించేలా చేసేది బఖియా. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది జాలీ. అందులో ఒక్క పోగు కూడా తెంపరు. నిలువు, అడ్డ పోగులను సూదితో మెల్లగా పక్కకు జరిపి, కుట్లతో బిగిస్తే జల్లెడలాంటి కిటికీలు ఏర్పడతాయి. వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. చూశాక పది మెరుపుల లాల్చీలు పక్కన పెట్టినా కన్ను అటు పోదు.

కుట్టుపని కాకపోయినా ఒక మాట చెప్పాలి. కాకినాడ దగ్గర ఉప్పాడలో నేసే జాందానీ దూరం నుంచి చూస్తే కుట్టినట్టే ఉంటుంది కానీ ఆ బుటాలన్నీ మగ్గం మీద నేతలోనే పడతాయి. 2009లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుడ్డతో లాల్చీ కుట్టించుకుంటే ఇంకే పనీ అక్కర్లేదు.

ఇక ఏ వేళకు ఏది? శ్రావణమంటే తేమ. పందిట్లో జనం, దీపాల వేడి. వెల్వెట్ షేర్వానీ వేసుకుని భోజనాల దాకా నిలబడగలరేమో ఆలోచించండి. పెళ్లికొడుకు కొన్ని గంటలు ఓర్చుకుంటాడు, మీకు ఆ అవసరమేమిటి? మీరు పందిట్లో నీళ్లు అందించాలి, పెద్దలను కూర్చోబెట్టాలి, కార్ల దగ్గరికి తిరగాలి. పగటి ముహూర్తానికి పలచని పట్టు గానీ, చందేరీ అనే తేలికపాటి నేతగుడ్డ గానీ, మల్లుగుడ్డ మీద చికన్ గానీ చాలు. జర్దోజీ రాత్రి రిసెప్షన్ దీపాలకే అందం. నలుపు చాలా ఇళ్లలో శుభకార్యాలకు వేసుకోరు, ఫోటోలో బాగుందని తీసుకోకండి. దీపావళికి మాత్రం మారు మాట లేదు, నూలు బట్టలే. పాలిస్టర్, దానితో చేసిన జార్జెట్ నిప్పురవ్వ తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. టపాసుల దగ్గర కండువా తీసి ఇంట్లో పెట్టండి, చేతులు పైకి మడిచి వెళ్లండి.

వేసుకునే తీరుకు వస్తే నేను నమ్మేది ఒకటే. ఒంటి మీద పని ఒకచోట ఉంటే చాలు. మెడ, గుండీల పట్టీ మీద పని ఉంటే కింద సాదా జరీ అంచు పట్టుపంచె కట్టండి, కండువా వద్దు, మెడలో గొలుసు బయటికి తీయవద్దు. పని కండువా అంచులో ఉంటే లాల్చీ సాదాగా ఉండనివ్వండి. బంగారు జరీకి వెండి గుండీలు కలపకండి. పొట్టిగా ఉన్నవాడికి ఛాతీ అంతా పరుచుకున్న పెద్ద బుటాలకంటే గుండీల పట్టీ వెంట నిలువుగా దిగే సన్నని లత బాగా నప్పుతుంది. పలచని తెల్ల చికన్ కింద తెల్ల బనియన్ గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఒంటిరంగుకు దగ్గరగా ఉన్నది వేసుకోండి. చెప్పులు తోలువి, సాదావి చాలు.

షేర్వానీకి నేను ఇంకో గీత గీస్తాను. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫోటోలు వెతికి చూడండి, చాలావాటిలో సాదా షేర్వానీయే. ఆ దుస్తుకు నిండుదనం కత్తిరింపు వల్ల వస్తుంది. భుజం సరిగ్గా కూర్చోవాలి, కాలర్ మెడకు అంటీ అంటనట్టు నిలబడాలి. ఇవి సరిగ్గా లేనిదాని మీద ఎంత బంగారం కుట్టినా అది అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. పైగా పని ఉన్న బట్టను తరువాత సరిచేయడం కష్టం. పక్క కుట్లు కాస్త లోపలికి పట్టవచ్చు, విప్పవచ్చు. కింద అంచులో లత ఉంటే పొడవు తగ్గించలేరు, తగ్గిస్తే లత తెగుతుంది. భుజం అసలే ముట్టుకోకూడదు. అందుకే భుజం, పొడవు సరిపోయాయా అని చూశాకే మిగతాది చూడండి. డాలస్‌లో ఉన్నవాడు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటానన్నాడు. వెనుకవైపు ఫోటో పంపమని అడుగు నాయనా. పంపనివాళ్ల దగ్గర కొనకు.

దాచుకోవడం గురించి రెండు ముక్కలు. జరీ మీద సెంటు కొట్టవద్దు. వేసుకున్నాక చెమట ఆరేదాకా నీడలో ఉంచి, తిరగేసి, పైన గుడ్డ పరిచి ఇస్త్రీ చేయండి. పాత పలచని నూలుగుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవరులో కాదు. నాఫ్తలిన్ గోలీలు జరీకి తగలనివ్వకండి. బరువైన షేర్వానీని సన్నని తీగ హ్యాంగర్‌కు తగిలిస్తే భుజాలు జారిపోతాయి.

ఆషాఢం తగ్గింపుల దాకా ఆగుదామని మీ అమ్మలు అంటారు. రెడీమేడ్‌కైతే సరే. మగ్గం పని చేయించుకునేవాళ్లు మాత్రం జ్యేష్ఠంలోనే గుడ్డ ఇచ్చేయాలి. పెళ్లిళ్ల ముందు పనివాళ్లకు తీరిక ఉండదు, తొందరపెడితే రాత్రుళ్లు కూర్చుంటారు, కుట్లు దూరమవుతాయి. భుజం, ఛాతీ, చేతి పొడవు, మెడ, మోకాలి దాకా పొడవు, ఈ ఐదు కొలతలు ఎవరివి వాళ్లు ఈ వారంలోనే రాసి పంపండి. టేపు పట్టడం తెలియకపోతే మీకు బాగా కుదిరిన పాత లాల్చీ ఒకటి పార్శిల్ చేయండి, నేను కొలుచుకుంటాను.

మీ పెదనాన్న