జాడీ అడుగు నుంచి సానరాయి దాకా

మా చిన్నప్పుడు ఇంట్లో సానరాయి ఉండేది కాదు. కత్తి మొక్కపోతే అమ్మ ఖాళీ ఆవకాయ జాడీని బోర్లించి, దాని అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద నాలుగుసార్లు అటూ ఇటూ రాసేది. ఆ కత్తితో మళ్లీ బెండకాయలు చకచకా తెగేవి. జాడీ మట్టిలో ఉండే క్వార్ట్జ్ రేణువుల గట్టిదనం, వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలమానంలో, 7. వంటింటి కత్తి ఉక్కు 6 చుట్టుపక్కల ఉంటుంది. గట్టిది మెత్తనిదాన్ని అరగదీస్తుంది. అమ్మకు ఈ అంకెలు తెలియవు, కానీ చేసిన పని మాత్రం సరైనదే.

చెన్నైలో కాపురం పెట్టాక ఆ జాడీ ఊళ్లోనే ఉండిపోయింది. పెరంబూరులో మా వీధికి సైకిల్‌కి సాన చక్రం బిగించుకున్న పెద్దాయన ఒకరు 'సాణై' అని కేకేస్తూ వస్తారు. మన సాన, తమిళుల సాణై ఒకటే, రెండింటికీ మూలం సంస్కృతంలోని శాణం. ఆయన తొక్కుతుంటే చక్రం మీంచి నిప్పురవ్వలు జల్లుగా లేస్తాయి. అవి అరిగిపోయిన ఉక్కు పొడి గాల్లో మండడం వల్ల వచ్చేవి. వాదర (కత్తి కోసే అంచు) దగ్గర లోహం చాలా పలచగా ఉంటుంది కాబట్టి పుట్టిన వేడి త్వరగా చెదిరిపోదు. తడి లేని చక్రం మీద కాస్త ఎక్కువసేపు ఆనితే అక్కడి ఉక్కు మెత్తబడుతుంది, పదును నాలుగు రోజులు నిలవదు. తడి రాయి మీద చేత్తో నెమ్మదిగా రాస్తే ఆ బెంగ లేదు. నేను నేర్చుకోవాలనుకున్నది అందుకే.

పదును అంటే అంచు ఎంత సన్నగా ఉందన్నదే. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బాగా సాన పట్టిన కత్తి వాదర కొస ఒక మైక్రాన్‌కి అటూ ఇటూగా ఉంటుంది. మనం వేసే బలమంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది కాబట్టి కూర ఇట్టే తెగుతుంది. మొద్దు కత్తి కోయదు, నలుపుతుంది. ఉల్లిపాయ కణాలు ఎక్కువగా చితికి, విడివిడిగా ఉండాల్సిన ఎంజైమ్, గంధక పదార్థం కలిసిపోయి కళ్లు మండించే వాయువు పుడుతుంది.

ఇక రాయి సంగతి. హార్డ్‌వేర్ షాపులో ఒకవైపు గరుకు, ఇంకోవైపు నున్నగా ఉండే కార్బొరండం రాయి దొరుకుతుంది. 1890ల తొలినాళ్లలో కృత్రిమ వజ్రం చేయబోయిన అమెరికన్ ఎడ్వర్డ్ అచెసన్‌కి దొరికిన సిలికాన్ కార్బైడే ఇది. వజ్రం కాకపోయినా మోస్ కొలమానంలో దానికి దగ్గరే, 9 దాటుతుంది. మన చెన్నైలోనే 1954లో ఆ పదార్థం పేరుతోనే కార్బొరండం యూనివర్సల్ అనే కంపెనీ మొదలైంది.

రాళ్ల మీద ముద్రించి ఉండే గ్రిట్ (గరుకుదనం) అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. జపాన్ లెక్కలో 1000 గ్రిట్ అంటే రేణువు దాదాపు 15 మైక్రాన్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ ఒక్క రాయి చాలని నా గట్టి అభిప్రాయం. అంచు పెచ్చులూడితేనే 400 కావాలి. 8000 రాయికి డబ్బు పోయనక్కర్లేదు. 1000 వదిలిన సూక్ష్మమైన పళ్లే టమాటా తొక్కను పట్టుకుని లాగుతాయి, అద్దంలా నున్నబడిన అంచు దాని మీద జారవచ్చు.

కోణం దగ్గర అందరికీ టెన్షన్. దానికి కొలబద్ద అక్కర్లేదు. కత్తి వెడల్పు 4 సెంటీమీటర్లయితే వెన్నును (అంచుకు ఎదుటి మందపాటి వైపును) రాయి నుంచి 1 సెంటీమీటర్ ఎత్తండి. వెడల్పులో నాలుగో వంతు అంటే దాదాపు 15 డిగ్రీలు. మూడో వంతు ఎత్తితే 20కి దగ్గర, మన మామూలు స్టీలు కత్తులకు అదే మేలు.

అసలు విద్య బొటనవేలిలో ఉంది. ఒకే వైపు రాస్తూ పోతే, రెండు ముఖాలూ కలిసే చోటు దాకా అరిగాక, పలచబడిన ఉక్కు అవతలివైపు ఒరిగి సన్నటి రేకులా లేస్తుంది. దాన్ని బర్ అంటారు. కంటికి ఆనదు. వెన్ను వైపు నుంచి అంచు బయటికి బొటనవేలిని అడ్డంగా, మెల్లగా జరిపితే చివర్లో గోరుకు తట్టినట్టుంటుంది. అంచు పొడవునా మాత్రం ఎప్పుడూ వేలు రాయకండి. మొదటి వారమంతా నాకు ఆ రేకు తగల్లేదు, ఎందుకంటే అది రాకముందే కత్తిని తిప్పేసేవాణ్ని. పిడి దగ్గర నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా తగిలిన రోజే మా ఇంట్లో టమాటా నొక్కకుండా తెగింది. రేకు వచ్చాక రెండోవైపు అలాగే రాయాలి, తర్వాత చేతి ఒత్తిడి తగ్గించుకుంటూ అటొకటి ఇటొకటి రాస్తే అది ఊడిపోతుంది. మిగిలిన కాస్తా మడిచిన న్యూస్‌పేపర్ మీద, వెన్ను ముందుగా, పది సార్లు లాగితే పోతుంది.

వాడేకొద్దీ రాయి మధ్యలో గుంట పడుతుంది, గుంట రాయి మీద కోణం నిలవదు. నెలకోసారి రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, సమంగా ఉన్న టైల్ మీద నీటితో వాడే ఎమెరీ పేపర్ (గరుకు కాగితం) పరిచి, గీతలన్నీ చెరిగేదాకా రుద్దుతాను.