పుట్టింటికి వెంట రాని రికార్డు

తెలుగు ఇళ్లలో తొలి కాన్పు పుట్టింటివారి బాధ్యత. నెలలు నిండకముందే సీమంతం చేసి, గాజులు తొడిగి, ఆడపిల్లను పురిటికి తీసుకువస్తారు. అనకాపల్లి దగ్గర అత్తవారి ఊళ్లో ఏడు నెలలపాటు పరీక్షలు చేయించుకున్న అమ్మాయి, ఎనిమిదో నెలలో విశాఖపట్నంలోని గాజువాకకో మధురవాడకో వచ్చి, అంతవరకు తనను ఒక్కసారి కూడా చూడని డాక్టరు ముందు కూర్చుంటుంది. గర్భిణుల వైద్యంలో డిజిటల్ సాంకేతికత గురించి ఇన్నేళ్లుగా నడుస్తున్న చర్చను ఈ ప్రయాణంతో పోల్చి చూస్తేనే దాని బలమూ లోపమూ తెలుస్తాయి. మనిషి ఊరు మారినప్పుడు ఆమె ఆరోగ్య చరిత్ర ఆమె వెంట వస్తోందా, లేక నమోదు చేసిన కార్యాలయంలోనే ఉండిపోతోందా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

నగరంలోని ఒక ఆసుపత్రి ఓపీలో కొన్నాళ్ల క్రితం నేను చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. రెండో కాన్పుకు వచ్చిన ఒక అమ్మాయి బట్టల దుకాణం వాళ్లిచ్చిన కవరులోంచి ఒక్కొక్క కాగితమే తీసి బల్లమీద పెట్టింది. నాలుగు మడతల దగ్గర చిరిగిన తల్లీబిడ్డల రక్షణ కార్డు, రక్త పరీక్షల చీటీలు, వాటితోపాటు మొదటి కాన్పు నాటి స్కానింగ్ బొమ్మ. థర్మల్ కాగితం మీద తీసిన ఆ బొమ్మ ఎండకూ వేడికీ పూర్తిగా వెలిసిపోయి, బూడిదరంగు మరక మాత్రం మిగిలింది. మొదటిది సిజేరియనే అని ఆమె చెప్పింది. గర్భాశయానికి కోత ఎక్కడ పెట్టారన్న డాక్టరు ప్రశ్నకు ఆమె పొత్తికడుపు మీది మచ్చను చూపించింది. ఆ ప్రశ్నకు జవాబు ఆ మచ్చలో ఉండదు. చర్మం మీద అడ్డకోత కనిపించినంత మాత్రాన లోపల గర్భాశయం మీద కూడా కోత అలాగే ఉండాలని లేదు. గర్భాశయం కింది భాగంలో అడ్డంగా కోస్తే మరుసటి కాన్పు సహజంగా జరగడానికి కొంత అవకాశం ఉంటుంది, పైభాగంలో నిలువుగా కోస్తే నొప్పులు మొదలయ్యాక గర్భాశయం చిట్లే ప్రమాదం చాలా ఎక్కువ. ఆ సంగతి చెప్పే ఒకే ఒక్క వాక్యం మొదటి ఆసుపత్రి ఆపరేషన్ నోట్సులో ఉంది, ఆ నోట్సు ఆ ఆసుపత్రిలోనే ఉంది.

పూర్వం నుంచీ వ్యవస్థ ఇలాగే నడిచింది. కేసు షీటు ఆసుపత్రి సొత్తు, రోగి చేతికి వచ్చేది చీటీ. విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని జనం నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. ఘోషా అంటే పరదా. పరాయి పురుషుల కంటపడకుండా స్త్రీలు వైద్యం పొందే చోటు అన్న అర్థంలో ఆ పేరు నిలిచిపోయింది. ఆ కాలంలో స్త్రీ మర్యాదను కాపాడినవి గోడలు. ఆమె శరీరం గురించిన వివరం ఆ గోడలు దాటి ఎలా ప్రయాణించాలన్నది అప్పటి ప్రశ్న కాదు.

కడుపులోని బిడ్డను తెరమీద చూపించిన సాంకేతికత కథ ఓడరేవు నగరమైన విశాఖకు కొంత దగ్గరగా ఉంటుంది. బాయిలర్లలో, ఓడల పలకల్లో, వెల్డింగు అతుకుల్లో దాగిన పగుళ్లను అతిధ్వని తరంగాలతో పసిగట్టే పద్ధతి షిప్‌యార్డుల్లో పనిచేసేవారికి బాగా తెలిసినదే. స్కాట్లాండులో గ్లాస్గో విశ్వవిద్యాలయ ప్రసూతి వైద్యాచార్యుడు ఇయాన్ డోనాల్డ్, 1955లో, తాను శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను కారులో వేసుకుని దగ్గరలోని బాయిలర్ల కర్మాగారానికి వెళ్లి, లోహంలో లోపాలు పట్టే పరికరంతో వాటిని పరీక్షించాడు. పోల్చి చూడడానికి కర్మాగారంవాళ్లు ఒక పెద్ద మాంసపు ముక్కను కూడా సిద్ధం చేశారు. నీటితిత్తి, గట్టి గడ్డ వేరువేరు ప్రతిధ్వనులు ఇస్తాయని అక్కడ తేలింది. ఇంజినీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మాక్‌వికార్‌లతో కలిసి డోనాల్డ్ 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో వెలువరించిన వ్యాసం నుంచే ప్రసూతి వైద్యంలో స్కానింగ్ చరిత్రను లెక్కిస్తారు.

అదే కాలంలో నొప్పులు పడే గదిలోకి కూడా గీతలు, అంకెలు ప్రవేశించాయి. గర్భాశయ ముఖద్వారం గంటగంటకూ ఎలా తెరుచుకుంటుందో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 1954లో గ్రాఫు గీశాడు. ఆఫ్రికాలో, సిజేరియన్ చేయగల ఆసుపత్రికి చాలా దూరంలో పనిచేసే మంత్రసానులకోసం ఫిల్‌పాట్, కాజిల్ అనే వైద్యులు 1972లో ఆ గ్రాఫు మీద హెచ్చరిక గీత, చర్య గీత చేర్చారు. కాన్పు మొదటి గీత దాటితే తల్లిని పెద్దాసుపత్రికి పంపాలన్నమాట. పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతానికి, అక్కడినుంచి వంద కిలోమీటర్లకు పైగా ఉన్న విశాఖకు మధ్య నేటికీ పనికివచ్చే ఆలోచన ఇదే. ఇది ఒక్క కాగితం, ఒక పెన్నుతో జరిగే పని. ఇక బిడ్డ గుండె చప్పుడును నిరంతరం కాగితం మీద గీసే సీటీజీ యంత్రం 1960ల చివర మార్కెట్లోకి వచ్చి, సరైన పరీక్షలు జరగకముందే వార్డుల్లో స్థిరపడిపోయింది. తరువాతి పరిశోధనలను కలిపి చూసిన సమీక్షల్లో, మధ్యమధ్య గుండె చప్పుడు వినే పాత పద్ధతితో పోలిస్తే, నవజాత శిశువుల్లో మూర్ఛలు దాదాపు సగానికి తగ్గాయని తేలింది గాని, శిశు మరణాలు తగ్గినట్టు రుజువు కాలేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ ఈ అనుభవాన్ని ప్రసూతి వైద్యులు గుర్తుచేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన దేశంలో స్కానింగ్ విషయంలో యంత్రానికీ రికార్డుకూ చట్టం ముడిపెట్టింది. ఆడపిల్లను కడుపులోనే గుర్తించి తొలగించడాన్ని ఆపడానికి 1994లో లింగనిర్ధారణ నిరోధక చట్టం వచ్చింది, 1996 నుంచి అమలైంది, 2003లో మరింత కఠినమైంది. గర్భిణికి స్కానింగ్ చేసిన ప్రతిసారీ ఆ వివరాల పత్రమైన ఫారం ఎఫ్ నింపి రెండేళ్లు భద్రపరచాలి. అత్యవసరమైన చట్టం అది, అందులో సందేహం లేదు. అయితే ఆ నమోదు ఉద్దేశం తనిఖీ, తల్లికి వైద్య చరిత్రగా పనికిరావడం కాదు. ఆ తరువాత వచ్చిన చాలా డిజిటల్ వ్యవస్థలు కూడా ఈ దారినే పట్టాయి.

2005 మన రాష్ట్రానికి మలుపు లాంటి సంవత్సరం. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, ఆసుపత్రి కాన్పుకు డబ్బు ఇచ్చే జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు, ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ, అన్నీ ఆ ఏడాదివే. ఎంత డబ్బు ఇచ్చాం, ఎవరికి ఇచ్చాం అని లెక్క చెప్పవలసి రావడంతో గర్భిణుల పేర్లను ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించే తల్లీబిడ్డల ట్రాకింగ్ వ్యవస్థ 2009లో వచ్చింది. అది తరువాత ఆర్‌సీహెచ్ (ప్రజనన, శిశు ఆరోగ్య) పోర్టల్‌గా మారింది. 2016లో ఏఎన్‌ఎంల (ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తల) చేతికి ట్యాబ్‌లతో అన్‌మోల్ యాప్ వచ్చినప్పుడు దాన్ని ముందుగా చేపట్టినది ఆంధ్రప్రదేశే. సిగ్నల్ లేనిచోట వివరాలు ఎక్కించి, సిగ్నల్ దొరికాక పంపే వీలు అందులో ఉండడం కొండ ప్రాంతాలకు నిజంగా మేలు చేసింది. కాని యాప్ వచ్చినా రిజిస్టరు పోలేదు. పొద్దున ఇంటింటికీ తిరిగి బరువు, బీపీ, హిమోగ్లోబిన్ రాసుకున్న ఏఎన్‌ఎం, సాయంత్రం అవే అంకెలను మళ్లీ ట్యాబ్‌లో కొడుతుంది. ఒకే గర్భిణి అత్తవారి ఊళ్లో ఒకసారి, పుట్టింటి ఊళ్లో మరొకసారి నమోదయ్యే అవకాశం కూడా మిగిలే ఉంది.

ఈ కాలంలో ఫలితాలు మెరుగుపడ్డాయి. నమూనా నమోదు సర్వే ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06లో 154 ఉండగా, విభజన తరువాతి రాష్ట్రంలో 2018-20 నాటికి 45కు తగ్గాయి, అప్పటి దేశ సగటు 97. ఈ ఘనతను యాప్‌ల ఖాతాలో వేయడం సరికాదు. ఆసుపత్రి కాన్పు, సమయానికి రక్తం, అంబులెన్సు, ఇంటికి నడిచి వెళ్లిన ఆశా కార్యకర్త చేసిన పని అది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న కొన్ని గూడేలకు రోడ్డే లేదు. నొప్పులు వచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే దారిలో అంబులెన్సు ఎక్కడిదాకా రాగలదో అదే ఆమె అదృష్టాన్ని నిర్ణయిస్తుంది.

దూరాన్ని తగ్గించే ప్రయత్నాల్లో ఈ-సంజీవని ముఖ్యమైనది. 2019 నవంబరులో గ్రామ ఆరోగ్య కేంద్రాన్ని హబ్ అనే పెద్ద కేంద్రంలోని వైద్యులతో వీడియోలో కలిపే పద్ధతిని మొదట మొదలుపెట్టిన రాష్ట్రం మనదే. 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు రావడంతో, కోవిడ్ రోజుల్లో ఎందరో గర్భిణులు ఫోనులోనే సలహా పొందగలిగారు. అయినా కడుపు తాకి బిడ్డ తల ఎటు ఉందో చూడడం, బీపీ కొలవడం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయడం ఎవరో ఒకరు దగ్గరుండి చేయవలసిందే.

2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ తొలిసారి రికార్డును మనిషికి కట్టే ప్రయత్నం చేసింది. ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరుతో, రోగి అనుమతిస్తే, ఒక ఆసుపత్రి కాగితాన్ని మరో ఆసుపత్రి చూడవచ్చు. ఆలోచనగా ఇది పుట్టింటి కాన్పుకోసమే పుట్టిందా అనిపిస్తుంది. చిక్కంతా ఆ అనుమతి దగ్గర ఉంది. అనుమతి ఓటీపీగా ఫోనుకు వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, సొంతంగా వాడుకునే ఫోను ఉందని చెప్పిన మహిళలు మన రాష్ట్రంలో 48.9 శాతమే, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. భర్త ఫోను నంబరుతో ఆభా తీసుకున్న అమ్మాయి పుట్టింట్లో ఉన్నప్పుడు, ఓటీపీ అత్తవారింట్లో మోగుతుంది. ఆమె ఇదివరకు గర్భస్రావం చేయించుకుని ఉంటే ఆ సంగతి ఎవరి చేతిలోని తెరమీద కనిపిస్తుందో కూడా ఆలోచించాలి. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టరాదని 2021 చట్ట సవరణ స్పష్టంగా చెప్పింది, 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. ఘోషాసుపత్రి గోడలు చేసిన పనిని ఇకపై ఈ చట్టాలు, పాస్‌వర్డులు చేయాలి.

రికార్డు తల్లి వెంట రావడం ఇంత అవసరం ఎందుకంటే, అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. అంటే రెండో కాన్పుకు వచ్చే తల్లుల్లో చాలామందికి గర్భాశయం మీద పాత కోత ఉంటుంది. మాయ (కడుపులోని బిడ్డకు పోషణ అందించే భాగం) ఆ కోత మీద అతుక్కుంటే ప్రాణాపాయమైన రక్తస్రావం జరగవచ్చు. అందుకే పాత ఆపరేషన్ వివరం స్కానింగ్ చేసే డాక్టరుకు ముందే తెలియాలి. ఆర్‌హెచ్ నెగటివ్ (నెగటివ్ రక్తం గ్రూపు) తల్లికి మొదటి కాన్పయ్యాక 72 గంటల్లోపు, తరువాతి బిడ్డకు హాని కలగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారా లేదా అన్నది కూడా అలాంటి ఒక్క వాక్యమే.

ఆ రోజు ఓపీలో డాక్టరు, ఆ అమ్మాయి మొదటి కాన్పు జరిగిన ఆసుపత్రికి తన ఫోనునుంచే కాల్ చేశారు. అరగంట తరువాత అటువైపు ఎవరో పాత ఫైలు వెదికి, ఆపరేషన్ నోట్సును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. కోత కింది భాగంలోనే ఉంది. డాక్టరు ఆ మాటను కార్డు మీద ఎర్ర సిరాతో రాసి, కింద గీత గీసి, అమ్మాయి తల్లికి చూపించి మరీ కవరులో పెట్టారు.