బాంబర్ సిబ్బంది ధైర్యం: నేను తరచూ వినే అపోహలు, రికార్డుల్లో ఉన్న వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో (వైమానిక దళంలో బాంబర్ విమానాలు నడిపే విభాగం) పనిచేసినవాళ్ల రికార్డులు చదివి, అందులో ఏముందో వాళ్ల కుటుంబాలకు విడమరిచి చెప్పడం నా పని. ఉండేది లింకన్‌షైర్‌లో. యుద్ధకాలంలో ఈ కౌంటీ నిండా బాంబర్ స్థావరాలే. లింకన్ చూడ్డానికి వచ్చే మన తెలుగువాళ్లు కూడా నన్ను చాలా అడుగుతుంటారు. సినిమాల పుణ్యమా అని, ఆ ప్రశ్నల్లో సగం అపోహలే.

అపోహ: అంత ఎత్తు నుంచి బాంబులు వదిలేసి వచ్చేయడంలో ధైర్యం ఏముంది?

ఎక్కువగా వినేది ఇదే, అన్నిటికంటే తప్పు కూడా ఇదే. బాంబర్ కమాండ్‌లో విమానం ఎక్కినవాళ్లు సుమారు 1,25,000 మంది. చనిపోయినవాళ్లు 55,573. అంటే నూటికి 44 మంది. బందీలుగా దొరికినవాళ్లు, గాయపడినవాళ్లు ఈ లెక్కలో లేరు. వీళ్లందరూ తమంతట తాముగా ముందుకొచ్చినవాళ్లే, బలవంతంగా ఎక్కించినవాళ్లు ఒక్కరూ లేరు. సగటు వయసు 22 ఏళ్లు. మన దగ్గర ఇంజినీరింగ్ అప్పుడే పూర్తయ్యే వయసు.

ఒక విడతకు 30 దాడులు. అవి పూర్తయితే కొన్నాళ్లు విశ్రాంతి. 1943-44 చలికాలంలో బెర్లిన్ మీదికి వెళ్లిన విమానాల్లో నూటికి ఐదు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తిరిగి రాలేదు. ఐదు శాతమే కదా అనిపిస్తుంది. కానీ ప్రతిసారీ నూటికి ఐదు పోతూ ఉంటే, 30 దాడులు అయ్యేసరికి మిగిలేది నూటికి 21. ఈ లెక్క ఆ కుర్రాళ్లకు ఎవరూ కాగితం మీద వేసి చూపించక్కర్లేదు, పొద్దున మెస్‌లో ఖాళీ కుర్చీలు చూస్తే తెలిసేది. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి 795 విమానాలు వెళితే 95 రాలేదు. మిగిలినవాళ్లు మళ్లీ ఎక్కారు. నా దృష్టిలో ధైర్యం అంటే ఆ "మళ్లీ ఎక్కడమే". మొదటిసారి ఎక్కినప్పుడు ముందేముందో తెలియదు. పదకొండోసారికి అన్నీ తెలుసు.

ఆ ఎత్తులో చలి మైనస్ 40 డిగ్రీల దాకా ఉండేది. లాంకాస్టర్ అనే పెద్ద బాంబర్ విమానం తోక చివర కూర్చునే గన్నర్‌ది ఇంకా ఘోరం. చీకట్లో సరిగ్గా కనపడాలని టరెట్ (తుపాకులు బిగించిన, తిరిగే చిన్న గది) ముందున్న అద్దం ముక్కను కావాలనే తీయించేసుకునేవాళ్లు. ఏడెనిమిది గంటలు అలాగే, ఒక్కడే. అందులో చోటు చాలక పారాచూట్‌ను టరెట్ బయట తగిలించేవాళ్లు. విమానం అంటుకుంటే ముందు వెనక్కి వంగి దాన్ని అందుకోవాలి, ఆ తర్వాతే దూకడం.

అపోహ: పారాచూట్ ఉందిగా, దూకేస్తే సరి

కూలిన లాంకాస్టర్ నుంచి ప్రాణాలతో బయటపడింది ఇంచుమించు ఏడుగురిలో ఒక్కరే. హాలిఫాక్స్ విమానంలో నలుగురిలో ఒకరు. లాంకాస్టర్ ముందున్న తప్పించుకునే తలుపు హాలిఫాక్స్ దానికంటే రెండంగుళాలు ఇరుకు. లావుపాటి బట్టలు, పారాచూట్‌తో చీకట్లో గిరగిరా తిరుగుతున్న విమానంలో ఆ రెండంగుళాలే చావుబతుకులు తేల్చేవి. బాంబర్ కమాండ్ పరిశోధన విభాగంలో కుర్రవాడిగా పనిచేసిన ఫ్రీమన్ డైసన్ (తర్వాత పెద్ద భౌతిక శాస్త్రవేత్త అయ్యాడు) ఈ లెక్కలు రాసిపెట్టాడు.

"మొదటి నాలుగైదు దాడులు గట్టెక్కితే అనుభవం కాపాడుతుంది" అని సిబ్బందికి పైవాళ్లు నూరిపోసేవాళ్లు. డైసన్ లెక్క తీస్తే యుద్ధం ముదిరాక అదీ నిజం కాదని తేలింది. కారణం ఆ తర్వాత తెలిసింది. జర్మన్ ఫైటర్లు పైకి గురిపెట్టిన తుపాకులతో కింద నుంచి వచ్చి కాల్చేవి. కొత్తవాడైనా పాతవాడైనా తన విమానం కింద ఏముందో చూడలేడు.

అపోహ: వాళ్లకు భయం లేదు

ఉండేది. లాగ్‌బుక్‌లలో (ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకాలు) కనపడదు, ఉత్తరాల్లో కనిపిస్తుంది. ఇక ఎగరలేనని చెప్పినవాళ్ల ఫైలు మీద "నైతిక దార్ఢ్యం లేదు" అని ముద్ర వేసి, బ్యాడ్జీ ఊడబెరికి పంపించేసేవాళ్లు. ఇరవై దాడులు చేసి వచ్చినవాడికి కూడా అదే ముద్ర. నాకు ఈ ఫైళ్లు చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వీళ్లను పిరికివాళ్ల జాబితాలో వేసి, మిగతావాళ్లను వీరులని పొగడటం నా వల్ల కాదు.

అపోహ: పైలటే హీరో, మిగతావాళ్లు సహాయకులు

లాంకాస్టర్‌లో ఏడుగురు: పైలట్, ఫ్లైట్ ఇంజినీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, ఇద్దరు గన్నర్లు. అందరూ ఇంగ్లిష్‌వాళ్లు కూడా కారు. చనిపోయినవాళ్లలో కెనడియన్లే సుమారు 10,000 మంది.

ఆండ్రూ మైనార్‌స్కీ అలాంటి కెనడియన్ గన్నరే. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని కాంబ్రే మీది దాడిలో వాళ్ల విమానం అంటుకుంది. దూకేయమని పైలట్ చెప్పాడు. మైనార్‌స్కీ తలుపు దగ్గరికి వెళ్తూ తోక వైపు చూస్తే, వెనక గన్నర్ పాట్ బ్రోఫీ టరెట్‌లో ఇరుక్కుపోయి ఉన్నాడు. మంటల్లోంచి పాక్కుంటూ వెళ్లి గొడ్డలితో, చివరికి వట్టి చేతులతో టరెట్ కదిలించబోయాడు. అది కదల్లేదు. వెళ్లిపొమ్మని బ్రోఫీయే సైగ చేశాడు. బట్టలు, పారాచూట్ మండుతుండగా అతనికి సెల్యూట్ కొట్టి దూకాడు. కాలిన గాయాలతో చనిపోయాడు. చిత్రం ఏమిటంటే, విమానం నేలకు కొట్టుకున్నప్పుడు బ్రోఫీ బయటికి విసిరేసినట్టు పడి బతికాడు. జరిగింది చెప్పింది అతనే. 1946లో మైనార్‌స్కీకి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఆ ఏడుగురిలో చనిపోయింది అతనొక్కడే.

అపోహ: 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అంటే హైదరాబాదీలదే

మనవాళ్లు గర్వంగా అడిగే ప్రశ్న ఇది. కాదని చెప్పడం నాకూ ఇష్టం ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్ (విమానాల దళం) విమానాలకు డబ్బు ఇచ్చింది నిజాం, అందుకే ఆ పేరు. నిజాం ఖజానా అంటే చివరికి రైతులు కట్టిన శిస్తే, కాబట్టి మనకు సంబంధం లేదని కూడా అనలేం.

1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీది దాడికి ముందు నడిచింది ఈ స్క్వాడ్రనే. కెన్నెత్ డోరన్ నాయకత్వంలో బ్లెన్‌హైమ్ విమానాలు బాగా కిందికి దిగి దాడి చేశాయి. బాంబులు అడ్మిరల్ షీర్ నౌకకు తగిలాయి గానీ పేలలేదు. 110, 107 స్క్వాడ్రన్లవి కలిపి పది వెళితే ఐదు పోయాయి. 1942లో ఈ స్క్వాడ్రన్ ఇండియాకు వచ్చింది, తర్వాత బర్మా వైపు పోరాడింది.

అపోహ: వాళ్లను తలుచుకోవడమంటే ఆ బాంబుదాడులను సమర్థించడమే

1943 జులైలో హాంబర్గ్‌లో ముప్పై వేలకు పైగా జనం చనిపోయారు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో 25,000 దాకా. బాంబు కింద ఉండటం ఎలా ఉంటుందో మనకూ కొంత తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి, జనం ఊళ్లొదిలి పారిపోయారు. అందుకే నేను మాట్లాడేటప్పుడు పైన ఉన్నవాళ్ల లెక్క, కింద ఉన్నవాళ్ల లెక్క రెండూ చెబుతాను. లక్ష్యం నిర్ణయించింది ఆ 22 ఏళ్ల నావిగేటర్ కాదు. 2012లో లండన్ గ్రీన్ పార్కులో తెరిచిన స్మారకం మీద, 1939-45 బాంబుదాడుల్లో చనిపోయిన అన్ని దేశాలవాళ్ల ప్రస్తావన కూడా చెక్కారు.

అపోహ: యుద్ధం అవగానే వాళ్లకు గుర్తింపు దక్కింది

బాంబర్ కమాండ్‌కంటూ విడిగా పతకం ఇవ్వలేదు. వేరే యుద్ధ పతకం రిబ్బన్ మీద పెట్టుకునే చిన్న లోహపు పట్టీ ఇచ్చింది 2013లో. చనిపోయినవాళ్ల తరఫున దగ్గరి బంధువులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం ఒక దాడికైనా వెళ్లి ఉండాలి. ఇంట్లో పాత లాగ్‌బుక్ ఉంటే అందులో ఎర్ర సిరా, పచ్చ సిరా కోసం చూడండి: రాత్రి దాడులు ఎర్ర సిరాతో, పగటివి పచ్చ సిరాతో రాసేవాళ్లు.