మీరు ముట్టని ఫొటోను ఎవరు దిద్దారు?

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. ఉప్పలపాడులో మీరు తీసిన గూడబాతుల ఫొటోలు చేరాయి. వాటితోపాటు మీ ఫిర్యాదు కూడా చేరింది. మీరు చెయ్యి పెట్టకముందే, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్ ఒక ఫొటో రంగు మార్చేసిందని, ఇంకొకదాన్ని చీకటి చేసిందని, మూడోదాని అంచులే కోసేసిందని రాశారు. కంప్యూటర్‌కు వైరస్ పట్టిందేమోనని మీ నాన్న భయం. వైరస్ లేదు, ఏమీ లేదు. మూడు ఫొటోలకూ మూడు వేరువేరు కారణాలు. మీరు అన్నింటికీ ఒకటే మందు వేశారు, అందుకే ఏదీ కుదరలేదు.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. రా ఫైలు ఇంకా ఫొటో కాదు. సెన్సార్ మీది ఒక్కో గడిలో ఎంత వెలుతురు పడిందో కెమెరా రాసిపెట్టిన అంకెల పట్టిక అది. ప్రతి గడి మీదా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో ఏదో ఒక్కటే ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ దక్కిన అమరిక ఇది. మిగతా రెండు రంగులు ఎంతెంత ఉండాలో పక్క గడులను చూసి సాఫ్ట్‌వేరే లెక్క కట్టుకోవాలి. 14 బిట్ల ఫైలులో ఒక్కో గడికి 16,384 మెట్లు ఉంటాయి. వాటిని మన తెర చూపగలిగినంతలోకి దించాలి. తెలుపును తెలుపుగా నిలబెట్టాలి. ఇవేమీ చేయకుండా తెర మీద పెడితే ఆకుపచ్చగా, చీకటిగా, పాచిపట్టినట్టు ఏదో కనిపిస్తుంది. కాబట్టి ఏదో ఒక మార్పు తప్పదు. ఆ మార్పు ఎవరు చెప్పగా జరిగిందో పట్టుకోవడమే మన పని.

ఫిల్ము రోజుల్లోనూ ఈ గొడవ ఉండేది. నెగెటివ్ ల్యాబుకు ఇస్తే, ప్రింటు వేసే మిషన్ ఫ్రేము మొత్తాన్నీ సరాసరి చూసుకుని రంగులు తనంతట తానే సరిచేసేది. ఎర్ర పట్టుచీరలో పెళ్లికూతురు ఫ్రేమంతా నిండి ఉంటే, ఎరుపు మోతాదు మించిందనుకుని తగ్గించేది. పాపం ఆ పిల్ల ముఖం పసరు రంగుకు తిరిగేది. పెళ్లివారు నన్ను తిట్టేవారు, నేను ల్యాబువాణ్ని తిట్టేవాణ్ని. మిషన్‌ను తిట్టాలని ఎవరికీ తోచేది కాదు.

ఇక మీ ఫొటోలకు వద్దాం. మొదటిదానిలో ఎవరూ ఏమీ దిద్దలేదు. రా ఫైలు కడుపులో కెమెరా ఒక చిన్న జేపెగ్‌ను కూడా దాచిపెడుతుంది. దానికి రంగులు అద్దింది కెమెరాయే. మీరు ఎంచుకున్న ‘వివిడ్’ వంటి పిక్చర్ కంట్రోల్ ఆ జేపెగ్‌కు వర్తిస్తుంది గాని అంకెల పట్టికకు కాదు. డార్క్‌టేబుల్ మొదట వరుసగా పేర్చి చూపేది ఆ జేపెగ్‌నే. ఫొటోను తెరవగానే అది పక్కకు తప్పుకుంటుంది, సాఫ్ట్‌వేర్ సొంతంగా వండిన బొమ్మ వస్తుంది. రెంటికీ పోలిక లేదని బెంగపడకండి, దానికి మరమ్మతు అక్కర్లేదు. కెమెరా ఇచ్చిన రంగులే కావాలంటే రా, జేపెగ్ రెండూ కలిపి తీయండి.

చీకటి పడిన రెండోది అసలైన చిక్కు. ఆ ఫొటో తెరిచి ఎడమవైపున్న హిస్టరీ జాబితాను కింది నుంచి పైకి చదవండి. అన్నిటికన్నా పాతది అడుగున ఉంటుంది. మీరు మౌస్ కదపకముందే అక్కడ కొన్ని పేర్లు కూర్చుని ఉన్నాయి చూశారా? వాటిలో గడుల లెక్క, ఇన్‌పుట్ ప్రొఫైల్ వంటివి లేకపోతే బొమ్మే రాదు, వాటి జోలికి పోకండి. ‘ఎక్స్‌పోజర్’ దగ్గర ఆగండి. ప్రిఫరెన్సెస్‌లోని ప్రాసెసింగ్ పేజీలో ఏ పనివిధానం దానంతటదే వర్తించాలో ఎంచుకునే చోటు ఉంది. ఫిల్మిక్, సిగ్మాయిడ్ వంటివేవైనా ఎంచుకుని ఉంటే, కొత్త రా ఫొటో ప్రతిదానికీ ఎక్స్‌పోజర్ 0.7 స్టాపులు పెరుగుతుంది. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు, 0.7 అంటే సుమారు 1.6 రెట్లు.

మరి పెరగాల్సింది తగ్గిందేమిటంటారా? అదే స్లైడరు దగ్గర కెమెరా పరిహారాన్ని సరిచేసే, టిక్కు పెట్టే చిన్న గడి ఒకటుంది, పక్కనే అంకె కూడా చూపిస్తుంది. వెలుతురు ఆకాశం ముందు పక్షి నల్లబడకుండా, నేను చెప్పినట్టే కెమెరాలో ఒక స్టాపు పెంచి తీశారు మీరు. ఆ గడిలో టిక్కు ఉంటే సాఫ్ట్‌వేర్ మీరు పెంచిన స్టాపును తీసేస్తుంది. ఒకటి పోయి 0.7 వస్తే, మిగిలింది 0.3 లోటు. తెల్లటి భాగాలు కాలిపోకుండా తగ్గించి తీసేవాళ్లకు ఆ గడి మేలు చేస్తుంది, మీలా పెంచి తీసినవాళ్లకు ఎదురు తిరుగుతుంది. టిక్కు తీసి చూడండి, గూడబాతు తేటపడుతుంది.

హిస్టరీ మొత్తం చెరిపేసినా మళ్లీ అలాగే వచ్చిందని రాశారు. రాక ఏం చేస్తుంది? హిస్టరీ చెరిపితే ఆ ఫొటో మళ్లీ కొత్తదానితో సమానం, కొత్తదానికి జరిగే మర్యాదలన్నీ దానికీ జరుగుతాయి. ముందు ప్రిఫరెన్సెస్‌లో ‘నన్’ (ఏదీ వద్దు) పెట్టి, ఆ తర్వాత చెరపాలి. సెట్టింగు ఒక్కటే మార్చి ఊరుకుంటే పాత ఫొటోల్లో చలనం ఉండదు.

ప్రిఫరెన్సెస్‌లోనే ప్రీసెట్ల (దాచుకున్న సెట్టింగుల) పేజీ కూడా ఓసారి తిరగేయండి. రాత్రి ఫొటోల కోసం నాయిస్ (గింజలు గింజలుగా కనిపించే మచ్చలు) తగ్గించే ప్రీసెట్ ఒకటి దాచుకుని, దానంతటదే వర్తించమని టిక్కు పెట్టి, ఐఎస్‌ఓ (కెమెరా సున్నితత్వపు) హద్దులు మాత్రం పెట్టకుండా వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు. పట్టపగటి ఫొటోలో ఈకల గీతలు అలుక్కుపోయాయంటే నా అనుమానం ముందు దానిమీదికే పోతుంది.

ఇక అంచులు తెగిన ఫొటో. ఇక్కడ నేరస్థుడు మరొకడు. ఒక గీటురాయి గుర్తుంచుకోండి. మార్పు బొమ్మ మొత్తం మీద సమంగా ఉంటే సాఫ్ట్‌వేర్ అలవాటు కావచ్చు. ఒక మూల కోత, కాస్త వంపు, ఒకే చోట దిద్దిన మచ్చ కనిపిస్తే మాత్రం అది ఎప్పుడో ఒక మనిషి చేసిన పనే. ఫోల్డరు తెరిచి చూడండి. డీఎస్‌సీ_0412.ఎన్ఈఎఫ్ అనే రా ఫైలు పక్కన అదే పేరుకు చివర ఎక్స్ఎంపీ అని తగిలించుకున్న చిన్న ఫైలు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రా ఫైలును ఎన్నడూ ముట్టదు, మీరు చేసిన దిద్దుబాట్లన్నీ ఆ చిన్న ఫైలులో రాస్తుంది. మీ కెమెరా లెక్క 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. మీరు కొత్త ఫొటోలను పోసింది పాత ఎక్స్ఎంపీలు మిగిలి ఉన్న ఫోల్డరులో. నిరుడు సంక్రాంతి ముగ్గుకు వేసిన కోత ఈ ఏటి గూడబాతు మెడ మీద పడింది!

జాబితాలోంచి తీసేసి మళ్లీ చేర్చినా ఆ కోత పోకపోవడానికీ కారణం ఇదే. చేర్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఆ ఎక్స్ఎంపీ చీటీని చదువుకుంటుంది. ఫొటోను జాబితాలోంచి తీసేయండి. డిస్కులోంచి తీసే బొత్తాం వేరే ఉంది, పొరపాటున దాన్ని నొక్కకండి! తర్వాత ఎక్స్ఎంపీని వేరే చోటికి జరిపి, అప్పుడు మళ్లీ చేర్చుకోండి. ఎక్స్ఎంపీని చెరిపేయవద్దు, ముగ్గు ఫొటోకు అది కావాలి.

చిన్నీ, నీ కాలేజీలో అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ వాడతారన్నావు. అక్కడ వెతకాల్సిన చోట్లు మూడే. ప్రిఫరెన్సెస్‌లో ప్రీసెట్ల పేజీలోని ‘రా డీఫాల్ట్స్’, ఫొటోలు చేర్చేటప్పుడు కుడివైపు కనిపించే డెవలప్ సెట్టింగ్స్, మూడోది ‘ఆటో సింక్’. ఈ మూడోది గడుసుది. అది ఆన్‌లో ఉండగా పది ఫొటోలు ఎంచుకుని ఒకదాన్ని దిద్దితే పదీ మారిపోతాయి, నీకు మాత్రం తెర మీద ఒకటే కనిపిస్తుంది. ఒకే కంప్యూటర్ మీద నలుగురు పనిచేసే చోట నేను ముందు చూసేది దాన్నే.

ఈసారి అనుమానం వస్తే తెర ఫొటో తీసి పంపకండి, దానిలో నాకేమీ తెలియదు. రా ఫైలు, దాని ఎక్స్ఎంపీ రెండూ కలిపి పంపండి. ఎవరెవరు చెయ్యి పెట్టారో ఇక్కడ తెరిచి చూసి చెబుతాను. ఆ మూడో ఫొటోను కోత లేకుండా మళ్లీ పంపండి, గూడబాతు నోట్లో చేప ఉందో లేదో తెలియడం లేదు.

మీ తాతయ్య