సున్నా గీత ఎక్కడ గీయాలి?

30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మామూలు గ్లోబును ముందు పెట్టుకోండి. దాని మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద సుమారు 42 కిలోమీటర్లు. ఆ లెక్కన ఎవరెస్టు ఎత్తు సుమారు 0.2 మిల్లీమీటరే. చేత్తో తడిమితే కొండలు గరుగ్గా తగిలే గ్లోబులు పిల్లలకు సరదాగా ఉంటాయి కానీ, ఆ కొండలు ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎత్తు. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉంటుందని చదువుకున్నాం కదా, ఆ నొక్కు కూడా ఈ సైజు గ్లోబులో ఒక్క మిల్లీమీటరే. అందుకే గ్లోబును నిక్కమైన గుండ్రంగా చేసినా తప్పేమీ లేదు.

ఇక గీతల సంగతి. అన్నీ ఊహారేఖలే అంటాం గానీ, వాటిలో కొన్ని ప్రకృతి చూపించినవి, కొన్ని మనుషులు కూర్చుని ఒప్పందం చేసుకున్నవి. భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది కాబట్టి అక్షం ఉంది, అక్షం కొసల్లో ధ్రువాలు ఉన్నాయి, వాటికి సరిగ్గా నడుమ భూమధ్యరేఖ ఉంది. దాన్ని ఇంకో చోట గీయడం ఎవరి తరమూ కాదు. కర్కటరేఖ, మకరరేఖ కూడా అలాంటివే. సూర్యుడు నడినెత్తికి రాగల ఆఖరి హద్దులు అవి. పైగా అవి కదులుతుంటాయి. అక్షం వాలు ఇప్పుడు 23°26′. అది చాలా నెమ్మదిగా తగ్గుతున్నందున ఆ రెండు రేఖలూ ఏడాదికి దాదాపు 15 మీటర్ల చొప్పున భూమధ్యరేఖ వైపు జరుగుతున్నాయి. మన గ్లోబు మీద అది ఒక మిల్లీమీటరు కావాలంటే రెండు వేల ఏళ్లకు పైనే పడుతుంది, కాబట్టి గ్లోబు మార్చనక్కర్లేదు.

రేఖాంశాలకు మాత్రం ప్రకృతి ఏ ఆధారమూ ఇవ్వలేదు. ధ్రువం నుంచి ధ్రువానికి గీసిన గీతలన్నీ ఒకే పొడవు, ఒకే తీరు. ఏది సున్నా అంటే ఏదైనా కావచ్చు. ఒకప్పుడు ఒక్కో దేశం ఒక్కో సున్నా పెట్టుకుని పటాలు గీసుకునేది. 1884 అక్టోబరులో 25 దేశాల ప్రతినిధులు వాషింగ్టన్‌లో సమావేశమై గ్రీనిచ్ అబ్జర్వేటరీ మీదుగా పోయే గీతను ఎంచుకున్నారు. ఆ ఓటింగులో ఫ్రాన్స్ తటస్థంగా ఉండిపోయింది. తమాషా ఏమిటంటే, ఈ రోజు గ్రీనిచ్‌లో నేల మీద గీసిన ఆ గీత మీద నిలబడితే ఫోన్‌లోని జీపీఎస్ సున్నా చూపించదు. అది వాడే సున్నా గీత ఇంకా 102 మీటర్లు తూర్పున ఉంది. దాటితే తేదీ మారే దినరేఖదీ ఒప్పందమే. సమోవా ఆ రేఖకు ఇవతలి నుంచి అవతలికి మారాలనుకుని 2011లో డిసెంబరు 30ని క్యాలెండరులోంచే తీసేసింది.

రేఖాంశం అంటే అసలు కాలమే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15, డిగ్రీకి 4 నిమిషాలు. అందుకే చాలా గ్లోబుల మీద రేఖాంశాలు 15 డిగ్రీలకొకటి ఉంటాయి. పక్కపక్క గీతల మధ్య ఒక గంట. బయలుదేరిన ఊరి సమయాన్ని నడిసముద్రంలోని సమయంతో పోల్చి చూసుకునే ఓడ గడియారం ఒక్క నిమిషం తప్పితే భూమధ్యరేఖ దగ్గర 28 కిలోమీటర్లు దారి తప్పినట్టే. ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే ఆయన ఓడల కోసం చేసిన గడియారం 1761లో జమైకాకు ప్రయాణం కట్టి, 81 రోజుల తర్వాత దాదాపు 5 సెకన్ల తేడానే చూపించింది.

గ్లోబు మీద ఒక ఊరి స్థానం చదవాలంటే కాగితం ముక్క చాలు. అక్షాంశానికి ఏదైనా ఒక రేఖాంశం వెంట కాగితాన్ని ఆనించి, రెండు అక్షాంశాల మధ్య దూరాన్ని గుర్తుపెట్టి సమభాగాలు చేయండి. ఈ కొలపట్టీ ఎక్కడికి జరిపినా పనిచేస్తుంది, ఎందుకంటే అక్షాంశంలో డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లే. పొరపాటు రేఖాంశం దగ్గర జరుగుతుంది. భూమధ్యరేఖ మీద గుర్తు పెట్టుకున్న పట్టీనే పైకి తీసుకెళ్తారు. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతూ పోతాయి. 60వ అక్షాంశం దగ్గర డిగ్రీ సగమైపోయి 56 కిలోమీటర్లకు దిగుతుంది. పాత పట్టీతో చదివితే వచ్చే అంకె కూడా సగమే. కాబట్టి ఆ ఊరు ఏ అక్షాంశం మీద ఉందో అక్కడే రెండు గీతల మధ్య కొత్తగా కొలిచి భాగాలు చేయాలి.

ఇంకో పొరపాటు టైపు చేసేటప్పుడు. 40°42′ అంటే 40.42 కాదు, 40.7. డిగ్రీకి 60 నిమిషాలు కదా. ఈ ఒక్క తేడాకే ఊరు 31 కిలోమీటర్లు జారిపోతుంది. గడులు ఖాళీగా వదిలేస్తే కంప్యూటర్లు చాలాసార్లు సున్నా, సున్నా అని వేసుకుంటాయి. ఆ చోటు గినియా సింధుశాఖలో నీళ్ల మీద ఉంది.

ఇప్పుడు ఒక దారం తీసుకోండి. న్యూయార్క్, బీజింగ్ రెండూ ఇంచుమించు 40వ ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. ఆ గీత వెంటే దారం పరిస్తే 34 సెంటీమీటర్లు పడుతుంది. ఒక కొస న్యూయార్క్ మీద నొక్కిపట్టి రెండో కొసను బీజింగ్ మీదికి బిగువుగా లాగండి. దారం దానంతట అదే ఉత్తర ధ్రువం పక్కకు జారిపోతుంది, 26 సెంటీమీటర్లే అవుతుంది. నేల మీద 14,450 కిలోమీటర్లకు బదులు 11,000. గోడ మీది మామూలు పటంలో ఈ దారి తిన్నగా కనిపించదు.

ఎండ ఉన్న రోజున గ్లోబును స్టాండు నుంచి ఊడదీసి గిన్నె అంచు మీద కూర్చోబెట్టండి. మీ ఊరు సరిగ్గా నడినెత్తిన ఉండాలి, ఉత్తర ధ్రువం ఉత్తరానికి తిరిగి ఉండాలి. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం కాబట్టి దాన్ని నమ్మకండి. నిలువు కర్ర నీడ ఆ రోజుకు అతి పొట్టిగా ఉన్నప్పుడు ఆ నీడ గీతే ఉత్తర దక్షిణాలు చూపుతుంది. సరిగ్గా అమరిందో లేదో చూడాలంటే అక్షం నేలకు ఎంత కోణంలో లేచిందో కొలవండి. అది మీ అక్షాంశమే కావాలి. ఉత్తరార్ధగోళంలో రాత్రి ధ్రువనక్షత్రం కనిపించే ఎత్తూ ఇంచుమించు అంతే. దక్షిణార్ధగోళంలో అయితే దక్షిణ ధ్రువం పైకి లేస్తుంది.

ఇక గ్లోబు మీద ఏ సగంలో ఎండ పడుతోందో భూమి మీద కూడా ఆ క్షణాన అక్కడే పగలు. నీడ అంచు మీద ఉన్న ఊళ్లలో కొన్నిచోట్ల పొద్దు పొడుస్తుంటుంది, కొన్నిచోట్ల గుంకుతుంటుంది. జూన్ 21న చూస్తే ఆ అంచు ఉత్తర ధ్రువాన్ని దాటి అవతలి పక్కకు వెళ్లి, ఆర్కిటిక్ వలయం గీసి ఉన్న చోట దానికి ఆనుకుని ఆగి ఉంటుంది.