మేము చిత్తూరుకు వచ్చేస్తే బాగుంటుందా తాతా?

పాపా, చిన్నోడా,

మొన్న ఆదివారం ఫోన్లో ఇద్దరూ ఒక్కసారే మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. మీ నాన్నను ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు, బెంగళూరు ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేద్దామా అని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి, చిన్నోడు సరేనంటున్నాడు, పాప ససేమిరా అంటోంది. చివరికి "నువ్వే చెప్పు తాతా" అని నా నెత్తిన పెట్టారు. ఫోన్లో చెబుదామంటే మీ అవ్వ నా మాట పూర్తి కానివ్వదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు చిత్తూరు డిపోలో కండక్టరుగా చేశాను. ఈ ఊరిని చాలావరకు బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడే చూశాను. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎవరు పోయి మళ్లీ రాలేదు, నాకు తెలిసిన లెక్క అదొక్కటే. ఇంతకు మించిన లెక్కలు కావాలంటే మీ నాన్నను అడగండి.

మనది పల్లెటూరేం కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఇదే జిల్లా కేంద్రం. 2012లో మున్సిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. అయినా 2011 జనాభా లెక్కల్లో మనం లక్షన్నర పైచిలుకు, మీ బెంగళూరు 84 లక్షలు. ఆ తేడా ఎలా ఉంటుందో చెబుతాను. మీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరైనా ఎక్కితే మీరు ఫోన్ వైపు చూసుకుంటారు. ఇక్కడ గాంధీ బొమ్మ దగ్గర అయిదు నిమిషాలు నిలబడండి, ఎవరో ఒక పెద్దాయన సైకిల్ ఆపి, మీ ముఖం పరకాయించి చూసి, "ఎవురి బిడ్డవమ్మా నువ్వు?" అంటాడు. మీరు నా పేరు చెబుతారు. "ఓ, కండక్టరు మనవరాలివా" అని, మీ నాన్న ఏం చేస్తున్నాడో, మీ అవ్వకు మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో అంతా అడిగి గానీ కదలడు.

నాకైతే ఈ ఊరి మంచీ చెడూ రెండూ ఈ ప్రశ్నలోనే కనిపిస్తాయి.

మీ నాన్న పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు స్కూలు ఎగ్గొట్టి వేలూరుకు సినిమాకు పోయాడు. ఇక్కడి థియేటర్లో చూస్తే తెలిసిపోతుందని రాష్ట్రం దాటాడన్నమాట. తెలివైనవాడే. కానీ ఎక్కింది మా డిపో బస్సు. నా స్నేహితుడే కండక్టరు. ఏమీ అనకుండా టికెట్ కొట్టి, చిల్లర చేతిలో పెట్టి, "వెనక్కి నాలుగింటి బండికి వచ్చేయ్, అందులోనూ నేనే" అన్నాడంట. మీ నాన్నకు సినిమాలో ఒక్క ఫైటు కూడా తలకెక్కలేదు. సాయంత్రం డిపోలో క్యాష్ కడుతూ నా స్నేహితుడు నవ్వుకుంటూ నాకు చెప్పాడు. నేను ఇంటికొచ్చి ఏమీ అనలేదు. అన్నం దగ్గర "వేలూరులో ఎండ ఎట్లా ఉండాది?" అని మాత్రం అడిగాను. పొలమారి ముద్ద గొంతులో ఇరుక్కుంది వాడికి. ఈ సంగతి నేను చెప్పానని వాడికి చెప్పకండి.

ఆ వేలూరు దారిలోనే ఇంకో ప్రయాణం ఉంది. చిన్నోడు పుట్టకముందు ఒక రాత్రి రెండు గంటలకు మీ అవ్వకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోతే, డ్యూటీలో ఉన్న డాక్టరు చూసి, "ఇక్కడ మావల్ల కాదు, ఆలస్యం చేయకుండా వేలూరుకు తీసుకుపోండి" అన్నాడు. వేలూరు ఎంత దూరం? ముప్పై అయిదు కిలోమీటర్లు. పగలు టికెట్లు కొడుతూ పోయినప్పుడు అది దూరమని ఏనాడూ అనిపించలేదు. ఆ రాత్రి ఒక్కొక్క కిలోమీటరు రాయీ లెక్కపెట్టాను.

మన వీధి చివర బియ్యం అంగడాయన కారు తీశాడు. పైన చొక్కా కూడా లేదు, తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు స్టీరింగ్ ముందు. తెల్లారేసరికి మా డిపో నుంచి నలుగురు వచ్చి, ఎవరి గ్రూపు ఏమిటో చెప్పి, రక్తం కావాలేమోనని వరండాలో కూర్చున్నారు. రక్తం అవసరం రాలేదు, వాళ్లు మాత్రం మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఇంటికి తాళం వేశామో లేదో కూడా నాకు గుర్తులేదు. ఎదురింటామె మూడు రోజులు మన ఆవుకు మేతేసి, పాలు పిండి, ఆ పాల డబ్బు కూడా లెక్కగా కాగితంలో చుట్టి ఇచ్చింది.

పాపా, ఇక్కడ నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు వేలూరుకు పోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 1900లో ఐడా స్కడర్ అనే ఆమె ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అక్కడ సీఎంసీ అయింది. పెద్ద జబ్బు చేస్తే నా చిన్నప్పుడూ అక్కడికే పరిగెత్తాము, ఇప్పటికీ అటే చూస్తాము. లేదంటే డెబ్బై కిలోమీటర్ల దూరాన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి. ఇరుగుపొరుగు ఎంత మంచివాళ్లయినా గుండె డాక్టర్లు కాలేరు కదా. బెంగళూరులో మీ ఇంటికి రెండు కిలోమీటర్లలోనే పెద్దాసుపత్రి ఉంది. ట్రాఫిక్‌లో ఆ రెండు కిలోమీటర్లకు ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు, అది వేరే సంగతి.

ఇక నేను చేసిన పని ఒకటి చెప్పాలి. చిన్నోడికి ఇది అంతగా అర్థం కాకపోవచ్చు, పాప మాత్రం చదవాలి.

1998 ప్రాంతంలో తిరుపతి బండి మీద డ్యూటీ చేసేవాణ్ణి. మా పేట అమ్మాయి ఒకతె రోజూ ఆ బస్సులో తిరుపతికి పోయి ఎమ్మెస్సీ చదివేది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. కిటికీ పక్క సీటు, ఒళ్లో పుస్తకం, పాకాల దాటాక కునుకు. కొన్నాళ్లకు పక్క సీట్లో ఒక అబ్బాయి కూర్చోవడం మొదలైంది. ఇద్దరూ నోట్సు చూసుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. అంతకు మించి నేను చూసిందేమీ లేదు. అయినా ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర వాళ్ల నాన్న కనబడితే, "పిల్లను కొంచెం కనిపెట్టుకో అన్నా" అన్నాను. మన పేట పిల్ల, చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. తర్వాతి వారం నుంచి ఆ కిటికీ సీటు ఖాళీ. మూడు నెలల్లో పెళ్లి చేసి పంపేశారు. చదువు మధ్యలోనే ఆగిపోయింది.

మీ నాన్న సంగతి నాకు చేరవేసినవాడూ, ఆ అమ్మాయి సంగతి వాళ్ల నాన్నకు చేరవేసిన నేనూ ఒకే డిపో. మొదటిది తలుచుకుని నవ్వుకుంటాను. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ టీ సయించదు.

పోయిన సంవత్సరం ఆమె నాకు బస్సులోనే కనబడింది. నేను టికెట్ కొనుక్కున్న ప్యాసింజర్ని, ఆమెది ఫ్రీ టికెట్. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. పక్కన కూతురు. తిరుపతి యూనివర్సిటీలో చేరిందంట. నేను తల దించుకునే లోపే ఆమే పలకరించింది. "అన్నా, మా పాప. రోజూ ఈ బండికే పోతా ఉంది. పక్కన ఎవురు కూర్చున్నా మాకు చెప్పే పని లేదు, అదే చెప్తాది" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాను?

కాబట్టి పాపా, "అక్కడ అందరూ చూస్తూనే ఉంటారు తాతా" అని నువ్వు అన్నది అబద్ధం కాదు. నీ జీన్స్ చూస్తారు, నీ జుట్టు చూస్తారు, రాత్రి ఎనిమిదికి ఎక్కడి నుంచి వస్తున్నావో చూస్తారు. ఇప్పుడు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. పోయిందని చెప్పి నిన్ను పిలిపించుకుంటే అది మోసం.

పని విషయం కూడా చెప్పాలి. శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి వచ్చే బండ్లు నిండుగా వస్తాయి. ఆదివారం సాయంత్రం బెంగళూరుకు పోయేవి అంతకన్నా నిండుగా పోతాయి. ఎక్కేదంతా పాతికేళ్ల లోపు పిల్లలు. భుజాన లాప్‌టాప్, చేతిలో అమ్మ కట్టిచ్చిన సంచి. ఆ సంచీలో ఏముంటుందో విప్పకుండానే చెప్పగలను: వేయించిన చెనిక్కాయల పొడి, పాత హార్లిక్స్ సీసాలో ఊరగాయ, మూతకు ప్లాస్టిక్ కవరు, దానికి రబ్బరు బ్యాండు. ఎంత బిగించినా పలమనేరు దాటేలోపు ఒక సీసా అయినా కారుతుంది. పక్కవాళ్ల బ్యాగుకు అంటుకుంటుంది, గొడవ కండక్టరుకు. వీళ్లందరికీ ఇక్కడే పని దొరికితే ఆ బండ్లు అట్లా నిండవు. పని ఇచ్చిన చోట్లు మనకూ ఉండేవి. సహకార పాల డెయిరీ 2002లో మూతబడింది, తర్వాత సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా. పెద్ద ఊళ్లో ఒక గేటు మూస్తే ఇంకో గేటు దగ్గర నిలబడవచ్చు. ఇక్కడ ఒక గేటు మూతబడితే దాని ముందున్న టిఫిన్ అంగడి, సైకిల్ స్టాండు, అప్పిచ్చే కిరాణా కొట్టు, అన్నీ వరసగా చతికిలబడతాయి. అందుకే మీ నాన్న ఉద్యోగం బెంగళూరుది, ఇల్లు చిత్తూరుది అంటే నాకు లోపల భయమే. రేపు ఆఫీసువాళ్లు మనసు మార్చుకుంటే? ఈ మాట వాడితోనే నేరుగా అంటాను, మీరు బెంగపడకండి.

చిన్నోడా, నీ మాటకు వస్తాను. నువ్వు అడిగినవి మూడు: సైకిల్, క్రికెట్, కుక్క. మూడూ కుదురుతాయి. బడికి నడిచి పోవచ్చు, మీ బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో లాగా స్కూలు బస్సులో నిద్రపోయి లేచి మళ్లీ నిద్రపోయే పనుండదు. పైగా తమిళం ఊరికే వస్తుంది. మన బజారు వీధిలో కూరగాయలామె నాతో తెలుగులో బేరమాడుతూ, నా పక్కనామెకు తమిళంలో చిల్లర లెక్క చెబుతుంది, ఎక్కడా తడబడదు. 1911కు ముందు మనం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నవాళ్లం, ఆ వాసన ఎక్కడికి పోతుంది? మే నెలలో నడివీధి గంగమ్మ జాతర, జూన్ జూలైల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్ల బారు. ఆ ట్రాక్టర్ల కింద చాప పరుచుకుని రైతులు రాత్రంతా పడుకోవడం నువ్వు చూడాలి. తినే మామిడికాయ ఎట్లా వస్తుందో తెలుస్తుంది.

కష్టాలు కూడా విను. ఎండాకాలం వస్తే ట్యాంకరు నీళ్ల కోసం బిందెలు వరసలో పెట్టాలి, నీ వంతు కూడా ఉంటుంది. నీవా నది ఉందని పుస్తకంలో చదివి ఈతకు వచ్చేవు, చాలా రోజులు అందులో ఇసుకే కనిపిస్తుంది. దోమలు బెంగళూరు దోమలకన్నా మొండివి.

పాప వయొలిన్ గురించి నేను విచారించాను. మన పేటలో నేర్పేవాళ్లు నాకు దొరకలేదు. తిరుపతిలో దేవస్థానం వాళ్ల సంగీత కళాశాల ఉంది, కానీ వారానికి రెండు రోజులు అంత దూరం అంటే నువ్వు అలిసిపోతావు. ఈ ఒక్క విషయంలో మీ బెంగళూరుదే పైచేయి, నేను వాదించను. కట్టమంచి రామలింగారెడ్డి మన చెరువు పక్కన పుట్టి కేంబ్రిడ్జి దాకా పోయి చదువుకున్నాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ఇక్కడే కూర్చుని ఉంటే అయ్యేవాడా? గుంటూరు వైపు నుంచి వచ్చిన నాగయ్య మాత్రం ఇక్కడ నాటకాలు వేసి, మన ఊరి పేరు తన పేరుకు ముందు తగిలించుకుని సినిమాల్లోకి పోయాడు. ఒకరికి ఊరు చాల్లేదు, ఇంకొకరికి ఊరే మొదలైంది. నీకు ఏదో నాకెట్లా తెలుస్తుంది?

నా సలహా అడిగితే, ఒక్కసారే ఇల్లు ఖాళీ చేయకండి. వేసవి సెలవులు మొత్తం ఇక్కడ ఉండి చూడండి. పండక్కి వచ్చినట్టు వచ్చి పోతే మీకేమీ తెలియదు. నీళ్ల ట్యాంకరూ జాతరా రెండూ చూడాలి, ఎవరి బిడ్డవని పదిమంది అడిగాక ఎట్లా ఉందో పాప నాకు చెప్పాలి.

మేడ మీద గదికి ఇంటర్నెట్ ఎవరిస్తారో కనుక్కోమని మీ నాన్న అన్నాడు కదా. పొద్దున కేబుల్ అబ్బాయిని అడిగాను. "ఎవురికి తాతా? కొడుకు వచ్చేస్తా ఉండాడా?" అన్నాడు. ఇంకా ఏమీ తేలలేదురా అన్నాను. సాయంత్రం పాలు పోసే ఆమె, బియ్యం అంగడాయన, ఎదురింటామె, ముగ్గురూ ఒకే మాట అడిగారు, మీరు ఏ రోజు దిగుతున్నారని.

మీ తాత