పాత కంప్యూటర్‌కి విండోస్ 11: మా కౌంటర్ దగ్గర వినే అపోహలు

అనంతపురంలో కంప్యూటర్ రిపేర్లు చేస్తాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసినప్పటి నుంచి సీపీయూని బండి ముందు పెట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అందరిదీ ఒకే మాట: "అన్నా, పదకొండు వేసియ్యి."

అపోహ: విండోస్ 10 అయిపోయింది, ఇంక సిస్టమ్ ఆన్ కాదంట.

వాస్తవం: అవుతుంది. ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లే. ఇళ్లలో వాడేవాళ్లు ఈఎస్‌యూ అనే అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే అవి కూడా 2026 అక్టోబర్ 13 వరకు వచ్చేలా మైక్రోసాఫ్ట్ గడువిచ్చింది.

అపోహ: నాది ఐ5. ఇంకో 4 జీబీ ర్యామ్ వేస్తే 11 ఎక్కేస్తుంది.

వాస్తవం: రూల్ ప్రకారం 4 జీబీ ఉంటే చాలు. అడ్డుపడేది ర్యామ్ కాదు, ప్రాసెసర్ తరం, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు. ఐ5 అన్న పేరు చూస్తే ఏమీ తెలీదు, పక్కనున్న నంబర్ చూడాలి. ఐ5-3470 మూడో తరం, ఐ5-8400 ఎనిమిదో తరం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిది నుంచే అర్హత. ఎనిమిది దాటినా "టీపీఎం లేదు" అని వస్తే కంగారు పడొద్దు. చాలా బోర్డుల్లో అది ఉంటుంది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. దీనికోసం బోర్డు మార్చాలని ఎవరైనా అంటే, ముందు బయోస్ తెరిచి చూపించమనండి.

అర్హత లేనివాటికి దొడ్డిదారిన వేయొచ్చు. నా షాపు సిస్టమ్‌కి వేసుకున్నాను, కస్టమర్లకు మాత్రం వెయ్యను. అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, ఆగిపోతే ఫోన్ నాకే వస్తుంది. కోర్ 2 డ్యుయో లాంటి బాగా పాత ప్రాసెసర్‌కైతే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ దారి కూడా మూసుకుపోయింది, బూటే కాదు.

అపోహ: కొత్త విండోస్ వేస్తే స్పీడ్ వస్తుంది.

వాస్తవం: పాత హార్డ్ డిస్క్ మీద వేస్తే ఉన్న స్పీడూ పోతుంది. దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ వేయించండి, తేడా అక్కడుంది. అలాగే ఒకసారి సైడ్ డోర్ తీసి చూడండి. మన ఊరి దుమ్ముకి ఫ్యాన్ కింద దూదిపరుపు తయారై ఉంటుంది. ఎండాకాలంలో సిస్టమ్ దానంతటదే ఆఫ్ అవుతుంటే, నేను ముందు పట్టుకునేది బ్లోయరే.

అపోహ: అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లన్నీ పోతాయి.

వాస్తవం: 10 మీదే 11కి అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు ఉంటాయి, డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఫార్మాట్ కొట్టి వేస్తేనే పోతాయి. ఏది చేసినా ముందు బ్యాకప్. ఇది దెబ్బ తిని నేర్చుకున్నాను. "నా ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి" అని ఒక సార్ చెబితే నమ్మి సీ ఫార్మాట్ కొట్టేశాను. పాప ఫోటోలు డెస్క్‌టాప్ మీదున్నాయి. డెస్క్‌టాప్ కూడా సీలోనే ఉంటుందని ఆయనకు తెలీదు, అడగాలని నాకు తట్టలేదు. ఇప్పుడు సీ డ్రైవ్ నేనే తెరిచి, మనిషిని పక్కన కూర్చోబెట్టి చూపిస్తాను.

అపోహ: 11 రాకపోతే ఇంక పాత సామాన్లవాడికే.

వాస్తవం: నెట్ చూసుకోవడానికి, పిల్లల చదువుకి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసిస్తున్నాను. 4 జీబీ ర్యామ్‌తో బాగానే నడుస్తుంది. పత్రికలు, పోస్టర్లు డిజైన్ చేసే డీటీపీ వాళ్లకు మాత్రం చెప్పను, విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు లేకుండా వాళ్లకు రోజు గడవదు. ఒకతను ఇంకా విండోస్ 7 మీదే ఉన్నాడు. నెట్ కేబుల్ పీకేసి అలాగే వాడుకోమన్నాను. పెళ్లి పత్రికలన్నీ అందులోనే కొడుతున్నాడు.